అద్దం పెట్టకుండా గీసిన బొమ్మ

అచ్చు వేయడానికి రాతి మీద బొమ్మ గీసేవాళ్ళ దగ్గర ఒక అద్దం ఉంటుంది. ముఖం చూసుకోవడానికి కాదు. ఆ సరదా నాకు నలభై దాటగానే తీరిపోయింది. రాతి మీద గీసింది కాగితం మీద తిరగబడి పడుతుంది, కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. అందుకని ఎదురుగా కూర్చున్న మనిషిని నేరుగా చూస్తూ గీయకూడదు. పక్కన అద్దం నిలబెట్టి, అందులో కనబడే మనిషిని గీయాలి. అప్పుడే అచ్చులో మనిషి ఉన్నది ఉన్నట్టు వస్తాడు. మా గురువుగారు మొదటిరోజు చెప్పిన పాఠం ఇది. నేను కాస్త పెంకిదాన్ని. "ముంజేతి కంకణానికి అద్దమెందుకండీ?" అన్నాను. "కంకణానికి అక్కర్లేదు, మనిషికి కావాలి" అన్నారాయన. ముప్ఫై ఏళ్ళలో ఆ అద్దం పక్కనపెట్టి ఒకే ఒక్క బొమ్మ గీశాను. పొరపాటున కాదు, కావాలనే.

నిజానికి మా ప్రెస్సులో రాళ్ళ పని ఎప్పుడో మూలపడింది. యుద్ధం రెండో ఏట అచ్చు ప్లేట్లు రావడం ఆగిపోయింది. కరెంటు రోజుకు మూడు గంటలైంది. యజమాని గోడౌనులోంచి పాత రాళ్ళు బయటికి తీయించి, వాటితోపాటు నన్నూ తీశాడు. పదేళ్ళుగా నన్ను పెళ్ళిపత్రికల అంచులకు పువ్వులు గీయడానికి కూర్చోబెట్టిన మనిషి, "నువ్వు లేకపోతే ప్రెస్సే లేదమ్మా" అన్నాడు. ఏరు దాటేదాకా నేనూ ఓడ మల్లన్ననే కదా అనుకుని ఒప్పుకున్నాను.

ప్రెస్సుకు ఎదురుగా ఒక కటింగ్ షాపు ఉంది. దాన్ని నడిపేది అక్క. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు, ఇరవై ఏళ్ళుగా ఎదురెదురు గుమ్మాలు, అంతే. భర్త జబ్బుచేసి పోయాక అతని కత్తెర చేతిలోకి తీసుకుంది. ఆడమనిషి గడ్డాలు గీయడమేమిటని మూతి విరిచినవాళ్ళే ఆర్నెల్లు తిరక్కుండా ఆ బల్ల మీద వరుసగా కూర్చున్నారు. చేయి అంత మెత్తన. నోరు మాత్రం కాదు. ఎడమ చెంప మీద, చిన్నప్పుడు వేడినీళ్ళు పడి కాలిన మచ్చ. ఎడమ కనుబొమ రెండోదానికంటే కాస్త పైకి ఉంటుంది. నవ్వితే మూతి కుడివైపుకు లాగుతుంది. ఒకసారి చూస్తే మరిచిపోయే ముఖం కాదు.

ఆమెకు నలుగురు పిల్లలు. వీధిలో ఆ సంగతి తెలియని మగవాడు లేడు. మెడ మీద కత్తి పెట్టి మరీ చెప్పేది, ఎవడు కాదంటాడు? "నాకు నలుగురు. నాలుగు స్తంభాలు. నా ఇంటిని ఎవడు కదిలిస్తాడో రమ్మను చూస్తా" అనేది. ఇటు తిరిగి నన్ను చూసి, "నీకు ఆ రాళ్ళే కదే పిల్లలు, బొమ్మలదానా" అని ఎగతాళి చేసేది. "మా రాళ్ళు చెప్పులు కొనిపెట్టమని అడగవులే" అనేదాన్ని నేను. పైకి నవ్వేదాన్ని కానీ లోపల చురుక్కుమనేది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

యుద్ధం మొదలైన పద్నాలుగు నెలల్లో మూడు స్తంభాలు కూలిపోయాయి. పెద్దోడు సరిహద్దులో పోయాడు. కూతురు నర్సు, అది పనిచేసే ఆసుపత్రి మీద డ్రోన్లు పడ్డాయి. మూడోవాడు సైన్యం ట్రక్కు నడుపుతూ రోడ్డు మీదే కాలిపోయాడు. మగపిల్లలిద్దరికీ వెళ్ళేముందు అక్కే జుట్టు తీసింది. సైన్యంలో చేరేవాడు ఒకటో నంబరు మెషిన్ కటింగుతో పోవాలి, దాదాపు గుండే. అక్కడి మంగలి చేతిలో బ్లేడు మొద్దుగా ఉంటుందని, తల గాట్లు పెడతాడని, తనే తీసి పంపింది.

మిగిలింది చిన్నోడు. పంతొమ్మిదేళ్ళు, సబ్బుల ఫ్యాక్టరీలో పని. ఇంటికి మిగిలిన ఆఖరి బిడ్డను సైన్యానికి పిలవకూడదని ఒక చట్టం ఉండేది. ఆ చట్టాన్ని పట్టుకునే అక్క బతుకుతోంది. అయితే దానికొక కన్నం ఉంది. పిలవకూడదు, అంతే. తనంతట తాను వెళ్ళి సంతకం పెడితే ఎవరూ ఆపరు. ఫ్యాక్టరీలో వాణ్ణి "అమ్మకూచి" అని ఏడిపించేవాళ్ళు. వాడు తల దించుకుని ఇంటికొచ్చేవాడు. అమ్మ ముఖం చూసి ఆగేవాడు.

ఆ చట్టాన్ని కూడా ఎత్తేస్తారని పుకారు లేచింది. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్ళు మా ప్రెస్సుకొచ్చి, ఊరంతా గోడలకు అంటించడానికి ఒక బొమ్మ కావాలన్నారు. చదువు రానివాడికి కూడా చూడగానే గుండె ఆగాలి అన్నారు. నాకు వెంటనే గురువుగారు చెప్పిన ఒక గ్రీకుల కథ గుర్తొచ్చింది.

నయోబీ అని ఒక రాణి. పద్నాలుగుమంది పిల్లలు. ఇద్దరే పిల్లలున్న ఒక దేవతను చూసి, "నీకు ఇద్దరు, నాకు పద్నాలుగుమంది, మొక్కితే నాకే మొక్కాలి" అంది. ఆ దేవత పిల్లలిద్దరూ విలుకాళ్ళు. కంటికి కనబడకుండా ఆకాశంలోంచి బాణాలు వేశారు. పిల్లలు ఒక్కొక్కరే రాలిపోయారు. ఆఖరి పాపను తన బట్టల్లో కప్పుకుని, "ఈ ఒక్కదాన్నైనా వదలండి" అని ఏడ్చింది తల్లి. వాళ్ళు వదల్లేదు. ఆమె అక్కడే రాయైపోయింది. రాయయ్యాక కూడా కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయట. అప్పుడు నాకు పదహారేళ్ళు. "నోరు జారింది తల్లి కదా, పిల్లల్ని చంపడమేంటి?" అని గురువుగారితో గొడవ పెట్టుకున్నాను. "పైనుంచి వేసేవాడికి కింద ఉన్నది ఎవరో ఎందుకమ్మా" అన్నారాయన. ఆ మాట అర్థం కావడానికి నాకు డ్రోన్లు కావలసి వచ్చాయి.

విలుకాళ్ళను గీయదలచుకోలేదు. పైన ఆకాశమంతా ఖాళీగా వదిలి, మూలన రెండే రెండు చుక్కలు పెడదామనుకున్నాను. కింద ఒక తల్లి, ఆఖరి బిడ్డను గుడ్డ కింద దాచుకుని. ఆ తల్లి ముఖం ఎవరిదో నాకు ముందే తెలుసు. షాపుకు సెలవైన రోజు పొద్దున్నే వెళ్ళి అడిగాను. కథంతా చెప్పాను.

అక్క దువ్వెనలు కడుగుతోంది. కడిగినవే మళ్ళీ కడిగింది.

"నేను కూడా అన్నాను కదే, నాకు నలుగురు అని" అంది చివరికి. "నా నోరే తగిలిందంటావా?"

"నోటిమాటకు డ్రోన్లు పంపే దేవుడుంటే చెప్పుతో కొట్టాలి వాణ్ణి" అన్నాను. నిజంగానే ఒళ్ళు మండింది నాకు.

"సరే, కూర్చుంటా. కానీ అది నేనని ఎవరికీ తెలియకూడదు. గుడ్డ కింద దాక్కున్నది మా చిన్నోడేనని ఫ్యాక్టరీలో తెలిసిందనుకో, నవ్వి చంపుతారు వాణ్ణి. ఆ రోజే పోయి సంతకం పెట్టేస్తాడు. నాకు ఒట్టు వెయ్యి."

ఒట్టు వేశాను. వేయడమే కాదు, ఉపాయం కూడా చెప్పాను. "అద్దం పెట్టను. నిన్ను నేరుగా చూసి గీస్తా. అచ్చులో మచ్చ కుడిచెంపకు పోతుంది, కనుబొమ అటు పోతుంది, మూతి ఇటు వస్తుంది. కన్నతల్లి కూడా గుర్తుపట్టదు" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ప్రెస్సులో, కిటికీ పక్కన కూర్చోబెట్టాను. కస్టమర్ల మెడకు చుట్టే షాపు గుడ్డ తెచ్చుకుంది, తెల్లది, ఉతికీ ఉతికీ పల్చబడింది. పిల్లాడి బదులు ఒక స్టూలు పెట్టి దాని మీద ఆ గుడ్డ కప్పి వంగింది. రాతి మీద నేను జిడ్డు పెన్సిలుతో గీస్తుంటే వంగి చూడబోయింది. "దగ్గరికి రాకు, చెమటచుక్క పడినా అక్కడ పెన్సిలు పట్టదు" అని కసిరాను. మధ్యలో సైరన్ మోగింది. యజమాని, పనివాళ్ళు మెట్ల కిందకు పరుగెత్తారు. అక్క కదల్లేదు. కళ్ళు మూసుకుని ఆ గుడ్డను స్టూలు మీద ఇంకొంచెం కిందికి లాగింది. నా చేయి ఆగలేదు. అంత మంచి గీత నేను జన్మలో గీయలేదు. అది చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. బొమ్మ కింద ఒకే వరుస రాశాను: "ఒక్కరినైనా వదలండి."

మొదటి కాగితం తీసి పరీక్షకు టీ కొట్టాయనకు చూపించాను. రోజుకు నాలుగుసార్లు అక్క షాపుకు టీ ఇచ్చే మనిషి. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "పాపం, ఎవరో పల్లెటూరి తల్లి" అన్నాడు. నేను గెలిచానన్నమాట. అక్కకు చూపిస్తే మాత్రం, "ఇది నేనే కదే!" అని ఉలిక్కిపడింది. "నిన్ను నువ్వు అద్దంలోనే కదా చూసుకునేది, అందుకని నీకు తెలుస్తుంది. మిగతావాళ్ళకు తెలియదు" అన్నాను. మాట నమ్మింది. నా మాటలు నమ్మడం ఆమెకు ముందునుంచీ అలవాటు.

ఏ కాగితం గోడకెక్కాలన్నా యుద్ధ ప్రచార ఆఫీసు ముద్ర కావాలి. ఆఫీసరు తనే వచ్చాడు. మనిషి శుభ్రంగా, మెత్తగా మాట్లాడేవాడు. బొమ్మ ముందు నిలబడి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు దొంగనీళ్ళు కావు, ప్రమాణం చేసి చెబుతాను. దొంగనీళ్ళయితే నేను జాగ్రత్తపడేదాన్నేమో.

"గొప్ప బొమ్మమ్మా. మీ సంఘం వాళ్ళు రెండు వందల కాపీలు అడిగారు, మేం అయిదువేలు వేయిస్తాం. బొమ్మ ముట్టుకోవద్దు. కింద మాట ఒక్కటి మార్చండి చాలు" అని ఒక చీటీ ఇచ్చాడు.

"మార్చకపోతే సార్?"

"ముద్ర పడదు" అన్నాడు, అదే మెత్తని గొంతుతో.

యజమాని నేల చూస్తున్నాడు. నేను చీటీ చదివాను. చదవలేదని బొంకను. రాతి మీద అక్షరాలు తిరగేసి రాయాలి, చివరి అక్షరం నుంచి మొదలుపెట్టాలి. అలా రాసేటప్పుడు మాట కనబడదు, వంకరలూ కొమ్ములే కనబడతాయి. మా పనివాళ్ళకు అదొక సుఖం. బొమ్మ ముందు మాట ఎంత, జనం చూసేది బొమ్మనే కదా, అసలు గోడకెక్కకపోవడం కంటే నయం కదా అని మనసుకు నచ్చజెప్పుకున్నాను. పాత వరుస గీకేసి, నునుపు చేసి, కొత్తది రాశాను. మొదటి కాగితం రాతి మీంచి లేపినప్పుడు మాట సూటిగా నా ముఖం మీదికి లేచింది.

"ఈ తల్లికి మిగిలిన ఒక్కణ్ణి కాపాడేదెవరు? నువ్వే. వచ్చి చేరు."

రెండోరోజుకే బొమ్మ ఊరంతా పాకింది. బస్టాపు, పాల బూతు, ఫ్యాక్టరీ గేటు, అన్నిచోట్లా. నేను అక్క షాపులోనే ఉన్నాను. సగం గడ్డం గీసిన ఒక గుమాస్తా ఉన్నట్టుండి కుర్చీలో నిటారుగా లేచి, ఎదురుగా ఉన్న అద్దంలోకి వేలు చూపించి అరిచాడు.

"అక్కా! గోడ మీద బొమ్మ నువ్వే!"

అప్పుడు వెలిగింది నాకు. కటింగ్ షాపు కుర్చీలో కూర్చున్నవాడు మంగలిని ఎక్కడ చూస్తాడు? అద్దంలో. వెనక నిలబడి కత్తెర ఆడించే ఆ ముఖాన్ని ఏళ్ళ తరబడి వీధిలోని మగవాళ్ళంతా చూస్తున్నది అద్దంలోనే. వాళ్ళకు తెలిసిన అక్కకు మచ్చ ఉండేది అటువైపే. నేను దాచానని మురిసిపోయిన ముఖం సరిగ్గా వాళ్ళకు తెలిసిన ముఖమే. జీవితమంతా అద్దంతో పనిచేసిన నాకు, ఎదురు షాపులో గోడంత అద్దం కనబడలేదు. ఇక నేను పరీక్ష పెట్టింది ఎవరికి? టీ కొట్టాయనకు. ఆయనది బట్టతల, పైగా గడ్డం ఇంట్లోనే గీసుకుంటాడు. ఆ కుర్చీలో ఒక్కనాడూ కూర్చున్న పాపాన పోలేదు.

సాయంత్రానికల్లా షాపు ముందు జనం చేరారు. ఎగతాళికి కాదు. ఎగతాళి చేసినా బాగుండేది. "మా అక్క! మా వీధి తల్లి!" అని దండం పెట్టేవాళ్ళు కొందరు. నిన్నటిదాకా చిన్నోణ్ణి అమ్మకూచి అన్న కుర్రాళ్ళు ఇద్దరు అప్పటికే సంతకం పెట్టి వచ్చారు. వాడి భుజం మీద చేయి వేసి, "మీ అమ్మ కోసమే వెళ్తున్నాంరా" అన్నారు. వాళ్ళు మంచిగానే అన్నారు. వాడు ఏ ముఖం పెట్టుకుని ఇంట్లో కూర్చుంటాడు?

నాలుగోరోజు మధ్యాహ్నం అక్కకు అంతా చెప్పేద్దామని వెళ్ళాను. వరుస మార్చమన్నది ఆఫీసరే అయినా, రాసింది నా చెయ్యేనని. గుమ్మంలో ఉండగానే చిన్నోడు నన్ను దాటుకుని లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పని బట్టల్లోనే ఉన్నాడు, సబ్బు వాసన వేస్తున్నాడు.

"కటింగ్ చెయ్యమ్మా" అన్నాడు.

"పోయిన వారమే కదరా చేసింది."

"ఒకటో నంబరు."

అక్క చేతిలో గుడ్డ విప్పుతూ ఆగిపోయింది.

"సంతకం పెట్టావా?"

"పొద్దున్నే పెట్టేశా. ముగ్గురు పోయారు, నాకూ తెలుసు. కానీ అమ్మా, ఫ్యాక్టరీ గేటు దగ్గర రోజూ ఆ బొమ్మ ముందునుంచే లోపలికి పోవాలి. నువ్వు ఏడుస్తుంటావు, నేను గుడ్డ కింద కూర్చుని ఉంటాను. నా కోసం పక్కింటివాళ్ళు పోతారా?" వాడు అద్దంలోనే నన్ను చూశాడు. "నువ్వు చాలా బాగా గీశావు పిన్నీ. చూడగానే తెలిసిపోయింది. చిన్నప్పుడు ఈ కుర్చీ మీద చెక్కపలక వేసి కూర్చోబెట్టేది కదా అమ్మ, అప్పటినుంచి నేను చూసిన ముఖం అదే."

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. అక్క వాణ్ణి కొడుతుందనుకున్నాను, నన్ను కొడుతుందనుకున్నాను, కత్తెర విసిరేస్తుందనుకున్నాను. ఏదీ చెయ్యలేదు. గుడ్డ దులిపి వాడి మెడకు చుట్టింది. మెషిన్ తీసుకుంది. మరో చేత్తో వాడి తల వంచి, మెడ దగ్గర మొదలుపెట్టింది. జుట్టంతా రాలాక వాడి తల చిన్నపిల్లాడి తలలా అయింది. చెవి వెనక సబ్బు నురగ ఎండి ఉంటే వేలితో తుడిచింది.

"అక్కడ బ్లేడు మొద్దుగా ఉంటుందిరా" అంది.

చట్టం ఎత్తేస్తారన్న పుకారు దానంతటదే చల్లారింది. ఎత్తేయాల్సిన పనే లేకపోయింది. మిగిలిన ఆఖరి బిడ్డలు వాళ్ళంతట వాళ్ళే వచ్చి సంతకాలు పెడుతుంటే చట్టంతో ఎవరికి గొడవ? ఆఫీసరు నాకొక ప్రశంసాపత్రం పంపాడు. చింపి పొయ్యిలో పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, అదీ.

చిన్నోడు వెళ్ళిన నలభై మూడో రోజున కబురొచ్చింది. మిగతా ముగ్గురికి వచ్చినట్టే, అదే కాగితం, అవే మాటలు, పేరు దగ్గర మాత్రం మార్పు. వాడున్న కందకం మీద రెండు డ్రోన్లు వచ్చాయని తోటివాడొకడు తర్వాత ఉత్తరం రాశాడు. రెండని చదివి నేను ఉత్తరం మడిచేశాను.

అక్క షాపు తెరవలేదు. నేను రెండుసార్లు తలుపు తట్టాను, తియ్యలేదు. మూడోసారి తట్టే ధైర్యం నాకు లేదు. ఆ రాయిని ఇసుకా నీళ్ళూ పోసి, ఇంకో రాయితో రుద్ది, బొమ్మ పూర్తిగా పోయేదాకా రెండురోజులు అరగదీశాను. పనివాళ్ళు చేస్తామన్నా ఇవ్వలేదు. భుజాలు పడిపోయాయి. మంచిదే అనుకున్నాను.

తర్వాతి సెలవురోజు పొద్దున్నే ఆమే ప్రెస్సుకు వచ్చింది. చంకలో మడతపెట్టిన షాపు గుడ్డ ఉంది. మనిషి సగమైంది. నేను లేచి, "అక్కా, ఆ మాట రాసింది నేను" అన్నాను. ఇన్నాళ్ళుగా నోట్లో పెట్టుకున్న మాట.

"తెలుసు. ఈ ఊళ్ళో తిరగేసి రాయడం ఇంకెవరికొచ్చు?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే నాకు కాస్త ఊపిరాడేది. కిటికీ పక్కకు పోయి, "అద్దం ఉందా?" అంది.

"ఉంది."

"పెట్టు. ఈసారి సరిగ్గా గియ్యి. మచ్చ ఎటువైపు ఉందో అటువైపే రావాలి. అందరికీ తెలియాలి నేనని."

స్టూలు తెద్దామని వంగాను. ఆమె కాలితో దాన్ని పక్కకు నెట్టేసింది. గుడ్డ విప్పి, రెండు చేతులతో పట్టుకుని, అప్పుడు వంగినట్టే వంగింది. గుడ్డ కింద ఏమీ లేదు. నేల కనబడుతోంది.

"కింద ఏం రాయమంటావు?"

"ఏమీ రాయకు."

"ముద్ర వెయ్యరక్కా. గోడకెక్కనివ్వరు."

"వాడు వేసేదేంటి? నా షాపు అద్దం మీద అంటిస్తా. వచ్చి కూర్చున్న ప్రతివాడూ దాన్నే చూస్తాడు."

అరగదీసిన ఆ రాయినే బల్ల మీదికి ఎత్తాను. అద్దం నిలబెట్టి అందులోకి చూశాను. మచ్చ అటు, కనుబొమ అటు. పలక మీద కూర్చున్నప్పటి నుంచి చిన్నోడు చూసిన ముఖం అదే. నాకు కళ్ళు కనబడలేదు. రాతి మీద టపటపా చుక్కలు పడ్డాయి.

"ఏడవకే" అంది అక్క, కదలకుండానే. "తడి తగిలితే పెన్సిలు పట్టదన్నావుగా."

కొంగుతో రాయి తుడిచి, ఆరేదాకా ఆగాను. తర్వాత ఎడమ చెంప మీది మచ్చ దగ్గర మొదలుపెట్టాను.